చింతపండుతో తోమిన చిత్రికలు

ఈ రోజు మార్చి పద్నాలుగు, శనివారం. మెల్బోర్న్ పక్కన ఈ వెర్రిబీలో, ఒక సంతాప సభకు ఇంతమంది తెలుగువాళ్ళం అనుకున్న వేళకే చేరడం ఈ రోజుకు మొదటి ఆశ్చర్యం అనుకునేదాన్ని. కానీ పొద్దున్నే యోగానంద్ అంకుల్ గ్యారేజీ తలుపు ఎత్తాను. లోపల చూసిందే మొదటి ఆశ్చర్యమైంది.

పెద్దలకు నమస్కారం. విద్యావతి ఆంటీ, మీ దుఃఖానికి సరిపడే మాట నాకింకా దొరకలేదు. యూనివర్సిటీలో చదువుకుంటూ మీ ఇంట్లో ఉంటున్నాను కనుక, ఆయనను రోజూ చూసినదానిగా నాలుగు మాటలు చెబుతాను.

అంకుల్ చిత్రికలు సేకరించేవారు. చెక్కను నున్నగా చేసే ఇనుప చిత్రికలు. అవీ పాతవే, అవీ ఆస్ట్రేలియాలో తయారైనవే. ఆయనతో ఎంత విసుగో మీకు తెలియదా? నన్ను పరీక్షకు దింపుతానని కారెక్కించుకుని, దారిలో గ్యారేజ్ సేల్ బోర్డు చూసి ఆపేశారు. "ఎగ్జామ్ మళ్ళీ పెడతారమ్మా. ఈ ముసలాయన మళ్ళీ అమ్ముతాడా?" అన్నారు. ఆ పరీక్ష నేను మళ్ళీ రాశాను.

శ్రావ్య అక్క గృహప్రవేశం మరిచిపోయారా? పూజ జరుగుతుండగా, షెల్ఫులో అలంకారానికి పెట్టిన చిత్రికను విప్పేశారు. "బాడీ ఇక్కడిది, బ్లేడు ఇంగ్లండుది. పీటల మీద ఒకడు, శుభలేఖలో ఇంకొకడు" అన్నారు. పంతులుగారు మంత్రం ఆపి నవ్వారు.

ఏ ముక్క దేనిదో ఆయనకు అంత పట్టింపు. మరి మనమేం చేశాం? సభలో తళతళలాడాలని, నిన్న గోపాలరావు అంకుల్, మన సంఘంవాళ్ళు అన్నిటినీ విప్పి, ఒకే టబ్బులో పోసి, ఇత్తడి బిందెల్లా చింతపండుతో తోమారు. "చూడమ్మా, రస్ట్ మొత్తం పోయింది, బ్రాండ్ న్యూ" అన్నారు గోపాలరావు అంకుల్. రస్టుతో పాటు పాత రంగులూ పోయాయి. జతలూ పోయాయి. ప్రేమతో ఇంత నష్టం చేయడం మనకే చేతనవును.

ఆసుపత్రికి వెళ్ళేముందు ఆయన స్వయంగా బిగించిన చిత్రికను ఆంటీ దాచుకోవాలనుకున్నారు. అదీ ఆ టబ్బులోకే వెళ్ళింది. "అది ఏదే?" అని ఆంటీ నన్ను అడుగుతున్నారు.

దాని ఒక్కదాని ఒంటిమీదే మెల్బోర్న్ అని ఉండేదట. రంగు పోతుంది కానీ ఇనుములో పోతపోసిన అక్షరాలు చింతపండుకు లొంగవు. "కళ్ళతో కాదమ్మా, వేలితో చదువు" అనేవారు యోగానంద్ అంకుల్. బాడీ దొరుకుతుంది. దాని బ్లేడేది, పిడేది, మరలేవి? ఒక్కొక్కటీ పెట్టి చూడాలి. తనది కానిది అందులో సరిగ్గా కూర్చోదు.

దయచేసి అందరూ లేవండి. ఆయన కోసం ఒక్క నిమిషం ఏమీ మాట్లాడకుండా నిలబడదాం. రేపు ఉదయం ఎనిమిదింటికి గ్యారేజీకి రండి. గోపాలరావు అంకుల్, మీరు తప్పకుండా. మిగతావన్నీ తర్వాత. ముందు ఆంటీది.