గుడ్డచక్రం మొనగాడు

“ఏమన్నావ్? మళ్ళీ అను!” అంటూ గుడ్డచక్రం గ్లాసు తీసి బల్లమీద కొట్టాడు. సగం టీ నా చొక్కామీద పడింది. గుడ్డ చుట్టిన చక్రంమీద బఫింగ్ చేస్తాడు కాబట్టి అందరం వాణ్ణి అలాగే పిలుస్తాం.

నేనన్నది పెద్ద మాటేం కాదు. పాలిషింగ్ అన్న సోమవారం నుంచి పనిలో లేడు కదా, మెరుపు తగ్గిందేమో అన్నాను. మా కుళాయిల షెడ్డులో అన్న ఎమెరీ రాతిపొడి చక్రంమీద కుళాయిల గరుకు తీస్తాడు, వీడు గుడ్డచక్రంమీద మెరుపు తెస్తాడు, ఆఖర్న నేను పూత తొట్టిలో ముంచుతాను. పోయినవారం నలభై కుళాయిలమీద గీతలు తేలాయి. గరుకు సరిగ్గా తియ్యలేదని ఫోర్‌మన్ అన్నని ఇంటికి పంపేశాడు. రేపు ఆ చోట్లోకి కొత్త మనిషి వస్తున్నాడు. అన్న భార్యదే ఈ గేటు ఎదుటి టీకొట్టు. వదిన నాలుగు రోజులుగా ఎవరితోనూ మాట్లాడకుండా టీ పోస్తోంది.

“వదినా, నువ్వేమనుకున్నా సరే, నాకు ఒళ్ళు మండిపోతోంది!” అన్నాడు గుడ్డచక్రం. “మెరుపు అన్నవల్లట! ఆ ఫోర్‌మన్ గాడూ ఇదే కూత కూశాడు. పదిమంది ముందు నిలబెట్టి, ‘అసలు పని ఆయనది, నువ్వు తుడిచి పెడతావంతే’ అన్నాడు. తుడుస్తానా? నేనా? మా ఇంట్లో మసిపట్టిన గరిటె ఒకటుండేది. ఓ ఆదివారం సరదాకి చక్రానికి ఆనించాను. మర్నాడు పొద్దున చూస్తే మా వీధి మగాళ్ళంతా గడ్డం గీసుకోడానికి గరిటె ముందు వరసకట్టారు.”

“గరిటెలో గడ్డం ఎంత కనిపిస్తుందిలే,” అన్నాడు లారీ డ్రైవర్ మామ.

“నువ్వు నోర్ముయ్ మామా! వినే ఓపిక లేకపోతే పోయి లారీలో పడుకో. ఆఫీసు తలుపుకి స్టీలు రేకు వేశారే, దానికి మెరుపు పెట్టింది ఎవరనుకున్నావ్? మేనేజరు వచ్చి అందులో తన మొహమే చూసుకుని, ఎవడో పనివాడు దారికడ్డంగా నిలబడ్డాడని తిట్టాడు. వాడూ తిట్టాడు. వేలు చూపించాడు. వాడూ చూపించాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పొగరు ఎక్కువైందని రేకుకి నోటీసు అంటించి, మూడు రోజులు పనిలోంచి ఆపేశాడు! మూడు రోజులూ తలుపు తీసే దిక్కులేక అందరం కిటికీలోంచి దూకాం.”

మామకి పొలమారింది. నాకూ నవ్వొచ్చింది గాని, వాడి మొహం చూసి మింగేశాను. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

“నవ్వండి, నవ్వండి! నా పని అంటే మీకందరికీ ఎగతాళే. పంపు మూత ఒకటి చేశాను, దానిమీద ఈగ వాలి, జారి, కాలు విరగ్గొట్టుకుంది. ఇప్పటికీ మా షెడ్డులో కుంటుతూ ఎగురుతోంది.”

“ఎగిరేదానికి కుంటేంటయ్యా?” అన్నాడు మామ.

“ఒకవైపుకి ఒరిగి ఎగురుతుంది, చాలా? ఇవన్నీ ఒక ఎత్తు, పోయిన శుక్రవారం నేను చేసింది ఒక ఎత్తు. తుడిచేవాడినని అన్నాడు కదా, ఆ మంటమీదే ఉన్నాను. ట్రే నిండా నలభై కుళాయిలు పట్టాను. మెరుపు పెట్టే సబ్బు కడ్డీ చక్రానికి దట్టించి, దట్టించి, చక్రం పొగలు కక్కేదాకా రుద్దాను. ఆ వెలుక్కి షెడ్డులో లైట్లు సిగ్గుపడి వాటంతటవే ఆరిపోయాయి! వెల్డింగువాడు అద్దాలు పెట్టుకుని అన్నం తిన్నాడు. మిట్టమధ్యాహ్నం సూర్యుడు ఓసారి కిందకి చూసి మబ్బుచాటుకి పోయాడు. ఇదంతా ఎమెరీ ముట్టకుండా! అన్నా లేడు, ఎవడూ లేడు, నేనొక్కణ్ణే!”

“ఒక్కటి కూడా మా ఆయన చేతికి రాలేదా?” అంది వదిన.

“ఒక్కటంటే ఒక్కటి లేదు వదినా! ఆయన రాకముందే, అచ్చులోంచి తీసినవి తీసినట్టు ఎత్తుకొచ్చి...”

అంతే. నేను గ్లాసు కింద పెట్టేశాను.

“ఆ నలభైయేరా నా దగ్గరికొచ్చింది,” అన్నాను. “పూతకి ముందు కడిగే వేడినీళ్ళలో దించగానే, గీతల్లో నిండిన నీ సబ్బు కరిగి, అచ్చు గీతలన్నీ బయటపడ్డాయి. అన్న పని పాడుచేశాడని ఫోర్‌మన్‌కి నేనే వెళ్ళి చెప్పాను కదరా!” వాడిమీద ఎంత కోపం వచ్చిందో, నామీద నాకు అంతకు రెట్టింపు వచ్చింది.

“తప్పెక్కడ జరిగిందో తెలీక నాలుగు రోజులుగా ఆయన ముద్ద ముట్టడంలేదు,” అంది వదిన. “నువ్వు రోజూ వచ్చి, నా ఎదురుగా కూర్చుని, నా చేతి టీ తాగి వెళ్ళావు.”

“అబ్బే, వదినా... ఏదో నోటికొచ్చింది వాగాను. నా సంగతి నీకు తెలీదా? అదంతా ఒట్టి కోత!”

వదిన స్టవ్ ఆపి బయటికొచ్చింది.

“ఇన్నేళ్ళలో నీ నోట ఒక్క నిజం వచ్చింది. దాన్ని కోత అంటే ఊరుకోను. లే, ఫోర్‌మన్ దగ్గరికి పద.”