చక్రం పట్టుకుని ఎక్కిన విమానం

ఒక ప్రశ్న అడుగుతాను పిల్లలూ, తొందరపడకుండా ఆలోచించి చెప్పండి. ఒకే టికెట్ మీద రెండు విమానాలు మారడానికీ, రెండు టికెట్లు విడివిడిగా కొనుక్కుని మారడానికీ తేడా ఏమిటి?

"రెండోది చవక, అమ్మమ్మా."

చవకే. సగం మార్కులు వేశాను. మిగతా సగం చాలాకాలం నాకూ తెలియదు, మీ కోతల తాతయ్య పుణ్యమా అని తెలిసింది. ఆయన నా తమ్ముడే, టైర్ల దుకాణం నడిపేవాడు. వాడు కోతలు కోసేటప్పుడు నవ్వడు. సంతాపసభలో మాట్లాడుతున్నట్టు గొంతు తగ్గించి, కళ్ళు దించుకుని చెబుతాడు. అందుకే సగంమంది నమ్మేస్తారు.

ఒక సాయంత్రం మా వరండాలో మీ పిన్ని ఒళ్ళో కంప్యూటర్ పెట్టుకుని కూర్చుంది. పక్కన మీ బాబాయి. పై వారం వాళ్ళకి దూరపు ఊళ్ళో కోర్టు పని, దత్తత విచారణ. ఏళ్ళ తరబడి ఎదురుచూస్తే వచ్చిన పిలుపు. పేర్లు పిలిచేటప్పటికి ఇద్దరూ ఎదురుగా ఉండాలి. లేకపోతే వాయిదా, మళ్ళీ ఎన్నాళ్ళకో. అన్నాళ్ళూ వాళ్ళు తెచ్చుకోబోయే పసిపిల్ల అనాథాశ్రమంలోనే. మీ పిన్నికి దొరికినవి చవక టికెట్లు. పొద్దున్నే ఒక కంపెనీ విమానం, మధ్యలో గంట వ్యవధి, అక్కణ్ణుంచి ఇంకో కంపెనీ విమానం.

"గంట సరిపోతుందంటావా మామయ్యా?" అని అడిగింది. తేనెతుట్టె కదిపినట్టే అయింది.

"గంటా? గంటలో నేను లారీకి టైర్లన్నీ మార్చి, టీ తాగి, ఇంకో లారీ వస్తుందేమోనని రోడ్డు చూస్తూ కూర్చుంటాను. విను. మేమిద్దరం మీ అత్తయ్య పుట్టింటికి బయల్దేరాం. ఇలాగే రెండు కంపెనీలు, రెండు టికెట్లు. మొదటిది ఆలస్యంగా దిగింది. అందరూ నెత్తీ నోరూ కొట్టుకుంటున్నారు. నేను కాస్త గబగబా నడిచాను, అంతే. అదేమీ గొప్ప కాదు."

"నడిచే ఎక్కేశారా మామయ్యగారూ?" అన్నాడు మీ బాబాయి.

"ఎక్కనిస్తేగా అల్లుడూ! తలుపు మూసేశారు. అద్దాల అవతల విమానం కదులుతోంది. అప్పుడు ఏం చేశానో తెలుసా? సామాన్లు లాగే బండి పోతుంటే దాని మీదకి దూకాను. డ్రైవరు హడలిపోయి దిగి పరుగో పరుగు. ఇక నేనే తోలాను, విమానం పక్కనే, రెక్క నీడలో. కిటికీలోంచి ఒక ముసలావిడ చెయ్యూపింది. పెద్దావిడ కదా, బాగుండదని నేనూ ఊపాను..."

"ఒరే, విమానం వేగమెంత, ఆ బండి వేగమెంత?" అన్నాను. బళ్ళో లెక్కలు చెప్పిన నోరు ఊరుకోదు కదా.

"నీ లెక్కలు నేల మీద పనికొస్తాయక్కా. అప్పటికే విమానం లేచిపోయింది. నేను చక్రం పట్టుకున్నాను. పట్టుకోగానే చేతికి తెలిసిపోయింది, గాలి తక్కువుందని. చేసే పని అదేనాయె, చూసి చూసి వదిలేస్తానా? మబ్బుల్లో వేలాడుతూ నోటితో ఊది నింపాను."

"నోటితోనా!"

"పంపు ఇంట్లో మర్చిపోయాను అల్లుడూ. పైలట్ కిటికీ తీసి దండం పెట్టాడు. 'అయ్యా, మీరు రాకపోతే దిగేటప్పుడు అందరం పోయేవాళ్ళం' అన్నాడు. లోపలికి తీసుకెళ్ళి తన సీట్లోనే కూర్చోబెట్టాడు. మిగతా దారంతా నేనే నడిపాను. అందుకే చెబుతున్నా అమ్మాయ్, గంటంటే బోలెడు. నొక్కెయ్ ఆ బటన్."

"మరి అత్తయ్యగారో?"

"రెండో చక్రం."

అందరం నవ్వాం. మీ పిన్ని నవ్వలేదు. వేలు బటన్ మీదే ఉంది.

"పెట్టెలు ఎవరు మార్చారు మామయ్యా?"

"ఎవరేమిటి, విమానం వాళ్ళే. ఇందులోంచి తీసి అందులో వేస్తారు."

"టికెట్లు వేరు, కంపెనీలు వేరు. వీళ్ళ సామాను వాళ్ళు ఎందుకు వేస్తారు?"

ఇక్కడ కొంచెం వివరంగా చెప్పాలి. ఒక బడి బస్సు ఆలస్యమైందని ఇంకో బడి హెడ్మాస్టరు గంట కొట్టడం ఆపుతాడా? ఇదీ అంతే. విడి టికెట్లయితే మీ పెట్టె మీరే దించుకోవాలి, బయటికి రావాలి, మళ్ళీ వరసలో నిలబడి అప్పగించాలి. ఆ కౌంటరు విమానం బయల్దేరడానికి చాలా ముందే మూసేస్తారు. ఆలస్యం మొదటివాళ్ళది, నష్టం మీది.

మెట్ల మీద కూర్చున్న నా మరదలు, మా తమ్ముడి భార్య, అందుకుంది.

"ఆ రోజు పెట్టె కోసమే నిలబడ్డామమ్మా. అది వచ్చేసరికి కౌంటరు మూసేశారు. కౌంటరులో అమ్మాయి మర్యాదగానే చెప్పింది, 'ఆలస్యమైంది మా విమానం కాదు కదండీ' అని. మేం ఎక్కాల్సింది అద్దంలోంచి కనబడుతూనే ఉంది. మర్నాడు ఆస్పత్రికి చేరేసరికి మా నాన్న పోయారు, ఆయన మంచం మీద దుప్పటి కూడా మార్చేశారు."

మీ బాబాయి తల దించుకున్నాడు.

"ఆ చక్రం కథ ఈయన మొదట చెప్పింది నాకే," అంది నా మరదలు. "అక్కడే, ఆ విమానాశ్రయం ఇనుప కుర్చీల్లో. నా ఏడుపు ఆగడం లేదని."

మా తమ్ముడు చెప్పుల వంక చూస్తూ, "ముందురోజే వెళ్ళండమ్మా," అన్నాడు. వాడి నోట కోత లేని మాట నేను విన్నది అప్పుడే.

ముందురోజే వెళ్ళారు, ఒకే టికెట్ మీద. మొదటి విమానం ఆలస్యమూ అయింది. అయితేనేం, ఆ కంపెనీవాళ్ళే తర్వాతి విమానం ఎక్కించి పంపారు. పొద్దున్న కోర్టు తలుపు తీయకముందే మీ పిన్నీ బాబాయీ బెంచీ మీద ఉన్నారు. బంట్రోతు పేర్లు పిలిచాడు. మీ పిన్ని హాజరు పలికే బడిపిల్లలా లేచి, "ఉన్నామండీ!" అని గట్టిగా అరిచిందట.

"మరి అమ్మ అరుపు నేను విన్నానా అమ్మమ్మా?"

నువ్వా? ఆశ్రమం ఆయా భుజం మీద ఆదమరిచి నిద్రపోతున్నావే తల్లీ. నీ చెప్పు ఒకటి కింద పడిపోతే మీ నాన్న తీసి తొడిగాడట. ఆ కాలు మళ్ళీ వదల్లేదట, ఇంటికి వచ్చేదాకా.

సరే, కాస్త ఒళ్ళోంచి లే. బట్టలు సగమే ఆరేసి వచ్చాను, మిగతావి బకెట్లో ముద్దగా పడున్నాయి.