చెప్పని సూది

చిలికా సరస్సు ఒడ్డున చిన్న ఆస్పత్రి. పడవ నడిపే గుణనిధి కోసుకుపోయిన కాలితో బల్ల మీద ఉన్నాడు. కుర్ర డాక్టరు సౌభాగ్య కుట్లు వేస్తున్నాడు. పక్కన నర్సు ఝరన.

“అబ్బా! నొప్పి తెలుస్తోందయ్యా, ఇంకా తెలుస్తోంది! ఆ మడమ దగ్గర!”

“కదలకు గుణనిధీ. ఝరనా, ఇంకో ఐదు మిల్లీ మత్తు తియ్యి.”

“ఐదా? వద్దు సార్. ఇప్పటికే ఎనిమిది వెళ్లింది. ఈయన నలభై అయిదు కిలోలు. పది దాటకూడదు.”

“లెక్క నాకూ తెలుసు. డాక్టరు కొడుకుని.”

“తెలుసు కాబట్టే చెబుతున్నా.”

“సరే, రెండే తియ్యి. పొడిచిన ప్రతిసారీ వెనక్కి లాగి చూశాను, రక్తం రాలేదు, మందు నరంలోకి పోలేదు. భయం లేదు.”

“ఈ ఫ్యానేంటయ్యా, ఇంత రొద పెడుతోంది?”

“కరెంటు లేదు బాబాయ్, ఫ్యాను తిరగట్లేదు.”

“మరి చెవుల్లో ఏంటిది? నోట్లో ఇనుప మేకు పెట్టుకున్నట్టుంది. నా పడవ కట్టానా? కట్టలేదేమో. బుట్టలో పీతలు ఎండకి చస్తాయి. లేవనివ్వండి నన్ను, లేవనివ్వండి!”

“కంగారులే. కుట్లంటే అందరూ ఇంతే.”

“కంగారు కాదు సార్. వచ్చినప్పటినుంచీ నొప్పికి తప్ప నోరు విప్పని మనిషి. బాబాయ్, పెదాలు తిమ్మిరిగా ఉన్నాయా?”

“ఆ... మొద్దుబారాయి. నీకెలా తెలుసు?”

“సార్, సూది పక్కన పెట్టండి.”

“పెట్టేశా. ఆక్సిజన్ పెట్టు. సెలైను సూది చేతికి ఉందా?”

“ఉంది. సార్, వేళ్లు ఎగిరిపడుతున్నాయి!”

“మత్తు రక్తంలోకి ఎక్కేసింది. విరుగుడుకి ఆ తెల్లటి కొవ్వు మందు సీసా తీసుకురా, ఎక్కిద్దాం. ఫిట్స్ మందు చేతిలో ఉంచుకో. ఎనిమిదికే ఇలా ఎందుకైంది? అవడానికి వీల్లేదే! గుణనిధీ, నా వైపు చూడు. పొద్దున ఎక్కడైనా మత్తు సూది వేయించుకున్నావా?”

“లేదు.”

“ఈ కాలికి?”

“లేదన్నానుగా.”

“బాబాయ్, గాయం అంచున ఈ సూది గుర్తులు మావి కావు.”

“కాలు వదలమ్మా.”

“ఒంట్లో ఎంత పడిందో తెలియాలి. ప్రాణం మీదకొచ్చింది, దాచకు.”

“చెప్పనని మాటిచ్చానమ్మా.”

“పేరు తర్వాత. ఎన్ని సూదులు?”

“రెండు. పెద్దవి. ఇక్కడికొచ్చే ముందే.”

“అంటే ఇంకో పది పైనే! సార్, నాడి?”

“నిలకడగానే ఉంది. సీసా నడవనీ. మాట్లాడుతూనే ఉండు గుణనిధీ, నిద్రపోవద్దు.”

“ఏం మాట్లాడను?”

“నీ పీతల గురించే చెప్పు.”

“మంచివి దొరికాయయ్యా ఇవాళ. దిగుతుంటే గాజు పెంకు కోసేసింది... ఆ రొద తగ్గుతోంది.”

“పెదాలు?”

“కాస్త నయం.”

“వేళ్లు కూడా ఆగాయి సార్.”

“హమ్మయ్య. ఝరనా, నువ్వు ఆపకపోతే ఆ ఐదూ ఎక్కించేసేవాణ్ణి.”

“ఎక్కించలేదుగా. వదిలెయ్యండి.”

“వదలను. ఎవడు వాడు గుణనిధీ? మత్తు పొడిచి, కుట్టకుండా, చీటీ ముక్క కూడా రాయకుండా తోలేస్తాడా? నీ ప్రాణం పోయేది! ఇలాంటివాడు మళ్లీ సూది పట్టకుండా నేనే ఫిర్యాదు రాస్తా. పేరు చెప్పు.”

“వద్దు బాబూ.”

“చెప్పు!”

“కుట్టబోతే చేతులు వణికాయి బాబూ. మూడుసార్లు ప్రయత్నించి ఏడ్చేశారు. ‘నా చేతులు పోయాయని మా వాడికి మాత్రం చెప్పకు’ అన్నారు మీ నాన్నగారు.”