డ్రైవరు గారి సెలవు

తెల్లవారుతోంది. స్లీపరు బోగీ కిటికీ అవతల అంతా మంచు. ఇన్నేళ్లూ రైలు నడపడమే తప్ప అందులో పడుకుని ఎరగని ఆయన రెప్ప వాల్చలేదు. ఎదుటి బెర్తు మీద భార్య.

"ఏవండీ, పాలల్లో పోతున్నట్టు లేదూ?"

"నీకవి పాలు. నాకు సిగ్నల్ కనబడదు."

"మీకెందుకూ? ఇంజన్లో ఇంకొకాయన ఉన్నాడుగా!"

"ఉన్నాడులే. ఇదిగో మలుపు. నెమ్మదించాలి."

రైలు నెమ్మదించింది.

"చూశారా?"

"ఊఁ. నిదానస్తుడే."

"ఇక కళ్లు మూయండి. సిగ్నల్ నేను చూస్తాలెండి. ఎర్రగా ఉంటే లేపుతాను."

"మర్చిపోకేం..."

నిద్రలోనూ బ్రేకు పట్టినట్టే బిగిసి ఉండే ఆయన పిడికిలి దుప్పటి మీద మెల్లగా విచ్చుకుంది.

మంచులో ఒక పచ్చదీపం తేలిపోయింది. తర్వాత ఒక ఎర్రదీపం. రైలు ఆగింది.

ఆమె లేపలేదు.