చప్పుడు లేని మాటలు

బట్టల మిల్లు వెనక వీధి. సెలవు రోజు మధ్యాహ్నం. వంటగదిలో వదిన, మిల్లు షెడ్డులో మగ్గం నడిపే మనిషి. గుమ్మంలో అదే షెడ్డుకు మేస్త్రీ అయిన మరిది.

"రేపు వెళ్ళొద్దు వదినా. అంతే."

"అంతే అంటే? కొత్త చట్టం రాసేవాళ్ళు ఊళ్ళోకొచ్చి, సంఘం పెడితే మీకేం జరుగుతోందో చెప్పండంటున్నారు. చెప్పొద్దా?"

"చట్టం వచ్చాక చెప్పు."

"వచ్చాక చెప్పడానికేముంది, నా తలకాయ! సంఘం పెట్టినవాళ్ళని పనిలోంచి తీసెయ్యకూడదని రాయించడానికేగా వెళ్ళేది."

"రాసేదాకా తీసెయ్యొచ్చుగా."

"తీసేస్తూనే ఉన్నారుగా. నాతో వస్తామన్నది ముగ్గురు. ముగ్గుర్నీ గేటు బయటే ఆపేశారు. పాపం, మేస్త్రీగారికి తెలీదు."

"నేను చెప్పలేదు. పిల్లల మీద ఒట్టు."

"నువ్వు చెప్పావన్నానా?"

"అన్నట్టే చూస్తున్నావు."

"మరెవరు చెప్పారయ్యా? మేమెక్కడా కూడలేదు. ఫోన్లు చేసుకోలేదు. మగ్గాల మధ్యే, ఆ హోరులో, ఎప్పట్లాగే గొంతు లేకుండా ఉత్త పెదాలతో అనుకున్నాం."

"షెడ్డులో కెమెరాలు పెట్టారుగా."

"పెట్టుకోనీ. వాటికి చెవుల్లేవు. ఉన్నా ఆ మోతకి ఎప్పుడో పగిలుండేవి."

"పెదాలు కనపడతాయి."

"కనపడితే? ఆఫీసువాళ్ళకి పెదాలు చదవడం వచ్చా? సగం జీవితం మగ్గం ముందు నిలబడితేగానీ రాదది."

"అన్నయ్య పడుకున్నాడా?"

"పడుకున్నాడు. మాట మార్చకు."

"మార్చట్లేదు. చెవులు పోయిన మనిషిని ఇంటికి పంపకుండా, పిలిచి మరీ కూర్చునే పని ఎందుకిచ్చారో ఎప్పుడన్నా అడిగావా?"

"గేటు దగ్గర లారీలు చూసుకుంటాడు. తనే చెప్పాడు."

"గేటు దగ్గర అన్నయ్యని నువ్వెప్పుడన్నా చూశావా?"

"ఎండకి కళ్ళు మండుతున్నాయంటే పొద్దున నేనే చుక్కల మందు వేశాను."

"ఎండకి కాదు వదినా."

"మరి దేనికి?"

"పొద్దస్తమానం ఆ కెమెరా తెరలు చూసి చూసి."

"ఉండు. ఎప్పుడూ ఏదీ అడగని మనిషి, నిన్న ఎదురుగా కూర్చుని అడిగాడు. రేపు అక్కడ ఏం చెప్తావే అని."

"చెప్పావా?"

"మొగుడడిగితే చెప్పనా? చెవులు పోయిన దగ్గర్నుంచీ మా ఇద్దరికీ ఉన్నవి ఆ పెదాల మాటలే కదా. అద్దకం షెడ్డులోంచి ఎవరెవరు వస్తున్నారో, అది కూడా..."

"వదినా, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకో. అన్నయ్య లేచాడు."