రాజుగారి నోట నా మాట

నాటక బృందంలో నన్ను గుసగుసల మాస్టారు అంటారు. వయస్సు నలభై ఎనిమిది. వృత్తి ప్రాంప్టింగ్, అనగా తెర పక్కన కూర్చుని నటులకు సంభాషణ అందించడం. రాత్రి బడిలో చదివి పట్టా పొందినవాడిని. నాటకం హాలు గొడవపై వచ్చిన ఫిర్యాదుకు ఈ వాంగ్మూలం ఎవరి బలవంతమూ లేకుండా ఇస్తున్నాను.

ఆదివారం మధ్యాహ్నం మూడు గంటలకు ప్రదర్శన మొదలైంది. మూడుంబావుకు, మొదటి వరుసలోని ఫిర్యాదుదారు ఫోను ఎత్తారు. "ఆఁ బావా, నాటకంలో ఉన్నా. ఖాళీయేలే, చెప్పు" అన్నారు. మూడున్నరకు పక్కావిడతో, "చూస్తుండు వదినా, ఇప్పుడు వీడి కొడుకు పోతాడు" అన్నారు. ఆమె, "ముందే చెప్పేస్తే నేనెందుకు రావడం అన్నయ్యా!" అన్నారు.

మూడూ నలభైకి నాటకంలో రాజు తన కొడుకు మరణవార్త విన్నాడు. అక్కడ రాజు ఒక నిమిషం మౌనంగా నిలబడాలి. ఆ వేషం వేసే పెద్దాయన, నేను ఏది అందిస్తే అది పలుకుతారు, పంతొమ్మిదేళ్ళ అలవాటు. ఆ మౌనంలో నేనెన్నడూ నోరు విప్పలేదు. సరిగ్గా అప్పుడే ఫోను మోగింది.

"బాత్రూముకైతే నీలం టైల్సే వెయ్ బావా."

"ఆ ఫోను కట్టేసి బయటికి పోరా, బుద్ధిలేనివాడా" అన్నాను, మెల్లగా.

రాజుగారు తల ఎత్తి, ఆ మాటనే చివరి వరుసకు వినిపించేలా పలికారు. జనం ఆపకుండా చప్పట్లు కొట్టారు.

ఫిర్యాదుదారు హాలు కమిటీ సభ్యులు. నిండు సభలో తనను అవమానించిన నటుడిని ఇక వేదిక ఎక్కనివ్వరాదని కోరారు. ఊళ్ళో ఉన్న వేదిక అదొక్కటే. పెద్దాయన నా పేరు బయటపెట్టలేదు. "పోనీలే తమ్ముడూ, అన్నది నా నోరే కదా" అన్నారు. నోరు ఆయనది, మాట నాది. నిషేధిస్తే నన్ను నిషేధించవలెను.

ఇది రాసుకుంటున్న అధికారి మంచితనంతో, "మాస్టారూ, నోరు జారిందని రాస్తా. ఒక్క సారీ చెప్పేయండి, అయిపోతుంది" అన్నారు. అలాగే రాశారు కూడా. చదివి, ఆ రెండు పదాలూ కొట్టివేయించాను. నా వృత్తిలో నోరు జారడం ఉండదు. అనాలనే అన్నాను. క్షమాపణ పెద్దాయనకు చెప్పాను, ఆయన మౌనం చెడగొట్టినందుకు. మరెవరికీ చెప్పను.

ఇందులోని ప్రతి అక్షరం స్వయంగా చదువుకున్నాను. అంతా నిజం. కొట్టివేత పక్కన కూడా సంతకం చేశాను.

(పూర్తి సంతకం)