బడి గోడ మీద గీత

ఏటి ఒడ్డున వరదకు కూలిన ఇళ్ళను మళ్ళీ ఎక్కడ కట్టాలో తేల్చడానికి బడిలో సర్కారు పెట్టిన సభ, మాటలు అయిపోయి కుర్చీలు విరిగేదాకా వచ్చింది. బడి సామాన్ల గదిలో ఇప్పుడు ముగ్గురే ఉన్నారు: గునపం పట్టుకున్న పడవవాడు, అతని బావమరిది తాపీమేస్త్రీ, నేల మీద ఇంజనీరు.

"గడియ పెట్టరా మేస్త్రీ!"

"పెట్టాను బావా. ముందా గునపం కింద పెట్టు. నీకు దణ్ణం పెడతా."

"దణ్ణాలు తర్వాత. ఈయన్ని లేపి కూర్చోబెట్టు."

"ఎలా లేస్తాడు? చెయ్యి విరిగింది. నోట్లోంచి రక్తం ఎలా కారుతోందో చూడు."

"నోరు పనిచేస్తోందిగా? ఇందాక మైకు ముందు భలే పనిచేసిందిలే! ఏమన్నావయ్యా ఇంజనీరూ? మళ్ళీ అను."

"నీళ్ళు... కాసిని మంచినీళ్ళు..."

"నీళ్ళా? మా ఆవిడ కడుపునిండా తాగి పోయింది. నీకూ పడతాలే. ముందు అను."

"బావా, మనిషివేనా నువ్వు?"

"నువ్వు నోర్ముయ్. అనవయ్యా!"

"ఇదే చోట మూడోసారి ఇళ్ళు కట్టడానికి సర్కారు డబ్బు ఇవ్వకూడదన్నాను. గుట్ట మీదికి వెళ్ళిపొమ్మన్నాను. అంతే."

"అంతేనా? గుట్ట మీద పడవ నడపమంటావా? రాళ్ళ మీద వల వెయ్యమంటావా?"

"పట్నంలో జనం అడుగుతున్నారు, మా డబ్బు ఎన్నిసార్లు ఏట్లో పోస్తారని. నేనేం చెప్పను?"

"పట్నం వాళ్ళకి మేం పట్టే చేపలు కావాలి, మేం మాత్రం అక్కర్లేదు!"

"బతికుంటే ఏదో ఒక పని..."

"బతికుంటేనట! విన్నావురా? మీ అక్క పోయి ఇరవై రోజులు కాలేదు, నా ముందు బతికుంటే అంటాడు!"

"బావా, వద్దు! కాలు తియ్! ఆ విరిగిన చేతి మీంచి కాలు తియ్! చచ్చిపోతాడు!"

"చావనీ. కట్టి నాలుగేళ్ళు కాలేదు ఆ ఇల్లు. బేస్‌మెంట్ ఇంకాస్త లేపితే నీ సొమ్మేం పోయిందయ్యా? నడుముదాకా నీళ్ళొచ్చాయి ఇళ్ళల్లోకి!"

"నేను... గీతకి అడుగు పైన పెట్టాను. రూలు అదే. పాత వరద గీత ఈ బడి గోడ మీదే ఉంది, కిటికీ కింద, ఎర్రరంగుతో. మీ ఊరివాళ్ళే చూపించారు."

"అదుగో, మళ్ళీ గీత! బయట ఎవర్రా ఆ బాదేది?"

"జనం బావా. సగం మంది ఈయన్ని చంపెయ్ అంటున్నారు. సగం మంది పోలీసుల్ని పిలిచారు."

"వాళ్ళొచ్చేలోపే తేలుస్తా. ఒరేయ్, నువ్వే చెప్పు. కిందటిసారి గీత దాకా వచ్చాయి. ఈసారి నాలుగడుగులు ఎక్కువొచ్చాయి. ఎక్కువొస్తాయని ముందే చూసుకోవాల్సింది ఎవరు? నేనా, ఇంత చదివిన వీడా?"

"ఎక్కువ రాలేదు బావా."

"ఏంటి?"

"కిందటిసారి ఎంతొచ్చాయో, ఈసారీ అంతే వచ్చాయి."

"మతి పోయిందా నీకు?"

"అప్పుడు మనమంతా ముందే గుట్టెక్కేశాం కదా. దిగొచ్చేసరికి మన మట్టి ఇళ్ళన్నీ కరిగిపోయాయి. నిలబడింది ఈ బడి గోడొక్కటే. బురద మరక కిటికీ పైదాకా ఉంది. కూలిన ఇళ్ళ గొడవలో మీరెవరూ దాన్ని పట్టించుకోలేదు."

"మేస్త్రీ... మరి నేను కొలత తీసుకున్న ఆ గీత?"

"అంత ఎత్తు నీళ్ళొచ్చిన చోట ఇళ్ళివ్వరని మీ రూలు కదండీ ఇంజనీరు గారూ. మీరు కొలతకొచ్చే ముందే మరక కనబడకుండా గోడంతా ప్లాస్టరింగ్ చేసేశాను. నాలుగడుగులు కిందకి గీత గీశాను. నీళ్ళ గొట్టంతో లెవెల్ చూసి మరీ గీశాను. వెంట్రుకవాసి వంకర లేదు."

"దాన్ని పట్టుకుని... నూటయాభై ఇళ్ళు కట్టించాను నేను..."

"నువ్వుండవయ్యా! ఒరేయ్, నీకెవడు చెప్పాడ్రా గియ్యమని?"

"నువ్వే బావా. అంటే, గీత గియ్యమని కాదు. ఏరొదిలి పొమ్మంటే ఇక్కడే చస్తానని అప్పటి సభలో పురుగుల మందు డబ్బా మూత తీశావు. గుర్తుందా?"

"అది... అదేదో కోపంలో... బెదిరించడానికి చేశాన్రా."

"మేం నిజమనుకున్నాం."

"మేమా? మేమంటే ఎవరెవరు?"

"కొట్టు బావా. కొట్టాలంటే నన్ను కొట్టు. ఆయన్ని వదిలెయ్."

"కొడతా! నరుకుతా! తోడబుట్టినదాన్ని పొట్టన పెట్టుకున్నావు కదరా!"

"అమ్మా! కాలు... నా కాలు!"

"ఆగవయ్యా పడవాయనా! మోకాలు పగలగొట్టావు, ఇంక చాలు! వదిలెయ్!"

"చాలదు! ఇంజనీరూ, నువ్వు అడ్డం రాకు! గీతకి పైనున్నాం, గడప దాటొద్దని చిలక్కి చెప్పినట్టు చెప్పాను దానికి. విన్నదా? నన్ను తోసేసి వానలోకి పరిగెత్తింది. ఒక్కో ఇంటి తలుపూ బాదింది. రానన్న ముసలాళ్ళని రెక్క పట్టి గుట్టెక్కించింది. చివరింటి దగ్గరకొచ్చేసరికి గోడ కూలి మీద పడి, నీళ్ళల్లో మునిగిపోయింది. అది లేకపోతే ఇవాళ బయట అరిచే ఆ జనంలో ఒక్కడు మిగిలేవాడు కాదు. నీళ్ళొస్తాయని దానికొక్కదానికే ఎలా తెలిసిందిరా? ఏ దేవుడొచ్చి చెప్పాడు? ఏం, అలా ఏడుస్తావేం? చెప్పు! దానికెలా తెలుసు?"

"నేను ఈ గోడకి ప్లాస్టరింగ్ చేస్తుంటే, కింద నిచ్చెన పట్టుకున్నది అక్కే బావా."